దొరసాని వంశం, మా ఇంటి తంబుర

మాది వంశాలు చెప్పే ఇల్లు. ఈ మాట అనేటప్పుడు నా గొంతు కాస్త పెరుగుతుంది. పెరిగితే పెరగనివ్వండి. రాజులకు కోటలుంటాయి, షావుకార్లకు గిడ్డంగులుంటాయి, మాకు నోరుంది. పెళ్ళయినా పెద్దకర్మయినా మా అయ్య తంబుర భుజాన వేసుకుని వెళ్ళి, ఆ ఇంటి గడప ముందు కూర్చుని, మూలపురుషుడి దగ్గర మొదలుపెట్టి, పక్కన పాలు తాగుతున్న చంటిబిడ్డ దాకా వచ్చి ఆపేవాడు. మధ్యలో ఎక్కడా తడుముకునేవాడు కాదు. మిషన్ బడిలో నాలుగక్షరాలు నేర్చుకున్న గర్వంతో ఒకసారి నేను అదంతా రాసిపెడతానన్నాను. "రాస్తే నోరు బద్దకిస్తాదే" అని కొట్టిపారేశాడు.

రంగూన్‌లో మా అయ్య విద్య అలంకారం కాదు, అవసరం. మా వాళ్ళంతా విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. ఒక ఊరివాడి పుట్టుపూర్వోత్తరాలు ఇంకో ఊరివాడికి తెలియవు. తెలిసిన పెద్దలు సముద్రానికి ఆవల ఉండిపోయారు. మరి ఇక్కడ ఒక పిల్లకు సంబంధం చూస్తే వరస కలుస్తుందో లేదో ఎవరు చెప్పాలి? మేనత్త కొడుకైతే మొగుడవుతాడు, చిన్నాన్న కొడుకైతే అన్నవుతాడు. ఆ తేడా తెలియక పెళ్ళి చేసేస్తే తల ఎక్కడ పెట్టుకోవాలి? అందుకే మా అయ్య మగవాళ్ళ పేర్లతో సరిపెట్టేవాడు కాదు. ప్రతి తరంలోనూ కోడలు ఏ ఇంటిపేరు వాళ్ళ పిల్లో, ఆ పిల్లను ఎవరు కన్యాదానం చేశారో చెప్పి తీరేవాడు. పీటల దాకా వచ్చిన పెళ్ళిని ఆపిన నోరు అది. మా పక్కింటి బర్మా ఆవిడకు మాత్రం ఈ గొడవంతా వినోదంగా ఉండేది. వాళ్ళకసలు ఇంటిపేర్లే లేవు. తండ్రి పేరు పిల్లకు అంటదు, మొగుడి పేరు పెళ్ళానికి అంటదు. "మీరు పెళ్ళి చేసుకోవడానికి ముందు చచ్చిపోయిన వాళ్ళందర్నీ పిలిచి అడగాలా?" అని నవ్వేది. అడగాలి మరి.

అలాంటి నోరు పాడైపోసాగింది. అయ్య పగలంతా చిమిండైంగ్‌లో ఏటి ఒడ్డున బియ్యం మిల్లులో పని చేసేవాడు. ఏళ్ళ తరబడి పీల్చిన ఊక దుమ్ము గొంతులో పేరుకుపోయింది. ఒక తరం చెప్పేసరికి దగ్గు, రెండో తరానికి గొంతు బొంగురు. కొడుకుల్లేరు. ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. నా మొగుడు ఇల్లరికం వచ్చాడు, బోటాటౌంగ్ జెట్టీలో మూటలు మోసేవాడు. మనిషి బంగారమే గాని, పాట ఎత్తుకుంటే కొంగలు లేచిపోతాయి.

చిన్నప్పటి నుంచి అయ్య పక్కన కూర్చుని వంత పాడింది నేను. ఆయనకు వచ్చిన ప్రతి వంశమూ నాకు వచ్చు. అయితే మా వాళ్ళలో ఆడవాళ్ళు వంత పాడొచ్చు, తంబుర మాత్రం పట్టకూడదు. కూలీల మీద పెత్తనం చేసే మేస్త్రి మాకు కులపెద్ద కూడా. ఆయన ఒకరోజు మా ఇంటికొచ్చి, మా పెదనాన్న కొడుకును స్వదేశం నుంచి రప్పిస్తున్నామని, అయ్య తరవాత తంబుర వాడికని తేల్చేశాడు. అయ్య తల వంచుకున్నాడు. ఆ తంబుర నాకు కావాలి. ఇంత సూటిగా నా మొగుడితో తప్ప ఎవరితోనూ అనలేదు.

ఆయనేమో, "ఆలు లేదు సూలు లేదు కొడుకు పేరు సోమలింగమని, ఆడింకా ఓడే ఎక్కనేదు, నీకెందుకే ఏడుపు?" అని ఎగతాళి చేశాడు. ఎక్కే ఓడ ఎలాగూ ఎక్కుతాడు కదా.

ఆ రోజుల్లో నేను మిల్లుకు దగ్గర్లోనే ఒక జర్మనీ దొరసాని దగ్గర పని చేసేదాన్ని. ముసలావిడ. నీళ్ళు పోయడం, తల దువ్వడం, సాయంత్రం వసారాలో కుర్చీ వేసి కూర్చోబెట్టడం నా పని. ఆవిడ భర్త పెద్ద యుద్ధానికి ముందు ఇక్కడే బియ్యం వ్యాపారం చేసి చనిపోయాడట. యుద్ధంలో ఇంగ్లీషు వాళ్ళు జర్మనీ వాళ్ళందర్నీ పట్టుకుని శిబిరాల్లో పెట్టి, చివరికి వాళ్ళ దేశం పంపేశారు. మళ్ళీ రానిచ్చిన కొత్తల్లో, మిల్లు యంత్రాలు చూసే కొడుకుతో కలిసి ఆవిడా వచ్చేసింది. వయసులో ఉన్నప్పటి నుంచి మా వాళ్ళ మధ్యే బతికిన మనిషి కాబట్టి తెలుగు వచ్చు. అదీ మా కూలీల తెలుగే. ఆ తెల్లటి ముఖంలోంచి "ఏటే గుంటా, ఇంతాలస్యం?" అని వస్తుంటే కొత్తవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు.

ఒకసారి మిల్లు కూలీలు ఉండే లైన్లలో పెళ్ళి జరిగింది. దొరసానిని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. అయ్య వంశం చెబుతున్నాడు, నేను వంత అందుకున్నాను. ఆవిడ కుర్చీలో ముందుకు వంగి, కర్ర మీద గడ్డం ఆనించి ఆసాంతం విన్నది. మర్నాడు తల దువ్వుతుంటే అడిగింది.

"మీ అయ్య సెప్పినోళ్ళంతా ఎవులు? దేవుళ్ళా?"

"దేవుళ్ళు కారమ్మగోరూ. పెళ్ళికొడుకు తాతముత్తాతలు. కళాసీలు, రైతులు."

ఆవిడ అద్దంలో నన్నే చూస్తూ, "నాకూ ఉన్నారు" అంది.

ఆవిడ పుట్టింటి వాళ్ళు మార్గ్రేవులట. మాట నాకు తిరగలేదు. సాయంత్రం అయ్యతో చెబితే, ఆయన మిల్లు సెలవు రోజున వచ్చి వసారా మెట్టు మీద కూర్చుని నేరుగా ఆవిడనే అడిగాడు. పెద్ద చక్రవర్తి ఒకడుంటాడని, ఆయన రాజ్యం అంచున శత్రువులు వచ్చే దారిలో కోట కట్టుకుని కాపలా కాసే ప్రభువును మార్గ్రేవు అంటారని ఆవిడ వివరించింది.

"అంటే మన మన్నెం దొరనాంటోడు" అన్నాడు అయ్య నా వైపు తిరిగి. "కొండకి ఈవల రాజు, కొండకాడ ఈడు. కావిలి కాసీ కాసీ ఆడే రాజైపోతాడు."

"సరిగ్గా అంతే!" అని దొరసాని చప్పట్లు కొట్టింది.

ఆ వంశం రాసిన పటం ఒకటి ఉండేదట, గొర్రె తోలు మీద చెట్టులా గీసింది. ఆవిడను శిబిరానికి తీసుకెళ్ళినప్పుడు సామానుతో పాటే పోయింది. యుద్ధం అయ్యేసరికి జర్మనీలో రాజుల్నందర్నీ దించేశారు. కొడుక్కి పెళ్ళి కాలేదు, ఆ ధ్యాసా లేదు. మిగిలింది ఆవిడ జ్ఞాపకం ఒక్కటే. వచ్చే చలికాలం ఆవిడకు డెబ్బయ్యేళ్ళు నిండుతాయి. ఆ రోజు తన వసారాలో తన వంశం గట్టిగా, తంబుర మీద వినాలని ఆవిడ కోరిక. అయ్య ఒప్పుకున్నాడు. కళాసీ తాతను ఎంత శ్రద్ధగా చెబుతాడో దొరసాని తాతనూ అంతే శ్రద్ధగా చెప్పాలి, అది మా ఇంటి పద్ధతి.

నేర్చుకోవడం మొదలుపెట్టాం. ఆవిడ చకచకా చెప్పుకుపోయింది. ఫలానా మార్గ్రేవు, ఆయన కొడుకు ఫలానా, ఆయన కొడుకు ఫలానా. అయ్య చెయ్యెత్తి ఆపాడు.

"అమ్మగోరూ, ఇది వొంశం కాదు. పాతిన గుంజలు. అడ్డకర్రలేవి? మొదటాయన పెళ్ళాం ఏ ఇంటి పిల్ల?"

పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్న ఆవిడను ఎవరూ అడగలేదట. కాస్త గడువు కావాలంది. ఆ తరవాత రోజూ పొద్దున్నే నేను వెళ్ళేసరికి ఒక్కో కోడల్ని తవ్వి తీసి ఉంచేది. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మతో చర్చికి వెళితే, ఆ రాణుల సమాధుల మీద ఉన్న గుర్తులు చూస్తూ కూర్చునేదట. ఒకామె పాదాల దగ్గర కుక్కపిల్ల, ఒకామె చేతిలో తాళంచెవి. ఆ గుర్తుల్ని పట్టుకుని పుట్టిళ్ళు చెప్పింది. ఉప్పు గనుల రాజు కూతురు, ఉత్తర సముద్రం దగ్గరి పిల్ల, పుట్టెడు కష్టాల్లో కోట తాళాలు కాపాడిన పిల్ల. చెప్పేకొద్దీ ఆవిడ బుగ్గలు ఎర్రబడేవి. "ఈళ్ళని నానెందుకు మర్సిపోనానే?" అని నన్నే కోప్పడేది.

పేర్లు మాత్రం మా నాలుకలకు లొంగలేదు. అయ్య ఆ బాధ పడలేదు. ఒక్కొక్కరికీ వాళ్ళ పనిని బట్టి బిరుదు కట్టాడు. రాతి కోట దొర, వంతెన దొర, రాజ్యం విడిచి మఠంలో తేనెటీగలు పెంచిన సన్యాసి దొర, పరాయి సైన్యం ఊరు తగలబెడితే అడవిలో దాక్కుని మళ్ళీ కట్టించిన దొర. ఇంటికొచ్చి నేను గిన్నెలు తోముతూ ఆ దొరల్నే వల్లించేదాన్ని. "ఇంటిపేరు కస్తూరోరు, ఇల్లంతా గబ్బిలాల కంపు. పొయ్యి మీద కూర మాడతంది, దొరలకి సెప్పు" అనేవాడు నా మొగుడు.

అంతా సాఫీగా సాగి ఒకచోట ఆగిపోయింది. ఒక మార్గ్రేవు చనిపోయాక కొడుకులిద్దరూ రాజ్యం పంచుకున్నారు. ఏటికి ఈవలిది అన్నకు, ఆవలిది తమ్ముడికి. తరవాత అన్న కొడుకు తమ్ముడి కూతుర్ని పెళ్ళాడాడు. "ఆ పెళ్ళితో రెండు ముక్కలూ కలిసిపోనాయి" అంది దొరసాని సంబరంగా. తను ఆ దంపతుల సంతతే.

అయ్య తంబుర కింద పెట్టేశాడు.

"భూమి కలిసింది, వరస సెడింది. సిన్నాన్న కూతుర్ని సేసుకుంతాడేటి? అది సెల్లెలు."

"మా దేశంలో తప్పు కాదు" అంది ఆవిడ.

"మీ దేశంలో కాకపోవచ్చు. నా నోట మాత్రం రాదమ్మగోరూ. తంబుర పట్టుకుని నానొక పెళ్ళి సెప్పినానంటే ఒప్పుకున్నట్టే. రేపు మా కుర్రోడెవుడో సిన్నాన్న కూతుర్ని తెచ్చుకుని, దొరసాని వసారాలో నువ్వే సెప్పినావు గదా అంతాడు. అప్పుడు నానేటనాల?"

ఆయన మొండితనం కాదది. ఇంత ఊళ్ళో మా వాళ్ళ పెళ్ళిళ్ళన్నీ ఆ ఒక్క నోటి మాట మీద నిలబడ్డాయి. దొరసాని మాత్రం ఆ పూట కాఫీ ముట్టలేదు. ఆ పెళ్ళి దగ్గర ఆపేస్తే ఆవిడ దాకా వంశం రాదు. ఇంటికి వస్తూ దారిలో అయ్య, రాలేమని ఆవిడకు రేపు చెప్పెయ్యమన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ కోసం కొంత, నా కోసం ఎక్కువ. మా పెదనాన్న కొడుకు వచ్చే ఓడకే బయలుదేరుతున్నాడని మేస్త్రికి కబురొచ్చింది. నేను అయ్య పక్కన కూర్చుని చెప్పే ఆఖరి వంశం ఇదేనని నాకు తెలుసు. అది కూడా సగంలో ఆగిపోవాలా?

మర్నాడు రాలేమని చెప్పడానికే వెళ్ళాను. చెప్పలేదు. నీళ్ళు పోస్తూ, మా పెళ్ళిళ్ళలో పీటల దగ్గర మేం అడిగేదే అడిగాను.

"అమ్మగోరూ, ఆ పెళ్ళిలో పెళ్ళికొడుకు కాళ్ళెవులు కడిగినారు?"

"కాళ్ళా? మా రాజుల కాళ్ళు పెళ్ళిలో ఎవులూ కడగరే."

"పోనీ పిల్ల సెయ్యి ఎవులు పట్టుకొచ్చి ఇచ్చినారు? తండ్రేనా?"

"తండ్రెక్కడున్నాడు? పిల్ల ఉయ్యాల్లో ఉండగానే యుద్ధంలో పోనాడు. మేనమామ ఎత్తుకుపోయి తన కోటలో పెంచుకున్నాడు. ఆయనే చర్చిలో సెయ్యి పట్టుకు నడిపించి ఇచ్చినాడు."

చెంబు పక్కన పెట్టేశాను. మా వాళ్ళలో ఇద్దరి గోత్రమూ ఒకటే అయి అడ్డొచ్చిన చోట ఏం చేస్తారు? మేనమామ పిల్లను తన పిల్లగా తీసుకుని, తన గోత్రంతో తానే కన్యాదానం చేస్తాడు. అలా జరిగిన పెళ్ళిళ్ళు అయ్య చెప్పే వంశాల్లోనే ఉన్నాయి. ఆవిడ తల తుడవకుండానే మిల్లుకు పరిగెత్తబోయి, మళ్ళీ వెనక్కి వచ్చి తుడిచాను.

మధ్యాహ్నం గంట కొట్టాక, మిల్లు గోడ నీడన అన్నం తింటున్న అయ్యకు జరిగింది చెప్పాను. ఆయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా విన్నాడు.

"నువ్వు నోట్లో పెట్టి సెప్పించినావా?"

"నేదయ్యా. సెయ్యెవులు ఇచ్చినారని అడిగినాను. ఆవిడే సెప్పింది."

"మేనమామ పెంచి, మేనమామే ఇత్తే ఆ పిల్ల ఆ ఇంటి పిల్లే. వరస కలిసింది." ఆ మాట అని అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "అయితే విన్నది నువ్వు. ఏ ఇంటి మాటైనా విన్న నోరే సెప్పాల. ఆ పెళ్ళి నువ్వే సెప్పు."

ఆ నియమం మా ఇంట్లో నిజంగానే ఉంది. కానీ దొరసాని వసారా అక్కడికి కూతవేటు దూరం. అయ్య వెళ్ళి ఆ ఒక్క మాటా తన చెవులతో వినొచ్చు. పుట్టినరోజు ఇంకా వారం ఉంది. ఆయన వెళ్ళలేదు. మధ్యలో ఆదివారం కూడా వచ్చింది, అప్పుడూ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో ఆదివారం సాయంత్రానికి నాకు అర్థమైంది. ఆ సాయంత్రం నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

పుట్టినరోజు మధ్యాహ్నం దొరసాని నల్ల గౌను వేసుకుని వసారాలో కూర్చుంది. పక్కన కొడుకు. కింద మెట్ల ముందు మిల్లు వాళ్ళు, మా లైన్ల ఆడవాళ్ళు, ఊరవేసిన తేయాకు లపెట్ పళ్ళెంతో మా బర్మా ఆవిడ. మేస్త్రి కూడా ముందు వరసలో కుర్చీ వేయించుకున్నాడు. కొత్తవాడు వస్తున్నాడని ఆ రోజే అందరికీ చెప్పాలని ఆయన ఉద్దేశం.

అయ్య రాతి కోట దొరను ఎత్తుకున్నాడు. గొంతు బొంగురుగానే వచ్చింది. ఒక్కో కోడలి పుట్టిల్లు వచ్చినప్పుడల్లా దొరసాని అక్కడే ఉన్న మనిషిని గుర్తుపట్టినట్టు తల ఊపింది. సన్యాసి దొర దగ్గర జనం నవ్వారు. అన్నదమ్ముల పంపకం అయ్యేసరికి అయ్యకు దగ్గు తెర వచ్చింది. తగ్గాక తంబుర తీసి నా ఒళ్ళో పెట్టాడు. మేస్త్రి కుర్చీలో కదిలాడు. ఎవరైనా ఏమైనా అనేలోపు నేను అందుకున్నాను.

"తండ్రి కన్నా పిల్ల, తండ్రి నెరగని పిల్ల
మేనమామా ఇంట మెతుకు తిన్నా పిల్ల
మేనమామే తెచ్చి చెయ్యి పట్టించెనూ
మేనమామా గోత్రమే పిల్ల గోత్రమూ."

కింద కూర్చున్న మా ముసలమ్మలు "అదీ!" అన్నారు. ముడి ఎక్కడుందో, ఎలా విడిపోయిందో వాళ్ళకు క్షణంలో తెలిసింది. ఆ పెళ్ళి అయ్యాక తంబుర వెనక్కి ఇవ్వబోయాను. అయ్య రెండు చేతులూ ఒడిలో కట్టుకుని కూర్చున్నాడు, చాపలేదు. ఆయన వంత అందుకున్నాడు. నాకు, మా అయ్య వంత! తడబడకుండా ఒక్కో తరం దిగుతూ వచ్చాను. అడవి దొర, ఆయన కొడుకు, ఆ తరవాత రాజ్యం లేక పేరు మాత్రం మిగిలిన చిన్న కొమ్మ, ఆ కొమ్మలో సముద్రాలు దాటి రంగూన్ వచ్చిన ఆడపడుచు. అక్కడికి రాగానే దొరసాని కొడుకు భుజం పట్టుకుని లేచి నిలబడింది. ఆవిడ ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. అంత పెద్ద చెట్టును వేరు నుంచి చివరి ఆకు దాకా మోసుకొచ్చి ఆవిడ ముందు దించాను, ఏడవడం ఎందుకు?

వంశం ముగిశాక, ఈ విద్య ఎవరి నోటి నుంచి ఎవరి నోటికి వచ్చిందో చెప్పి తంబుర దించాలి. తాతల పేర్లు చెప్పాను, అయ్య పేరు చెప్పాను. ఆ పైన రావలసిన మాట "కొడుకు". మా ఇంట్లో ఎన్నడూ ఇంకో మాట అక్కడికి రాలేదు. నేను ఆగిపోయాను. మేస్త్రి లేచి నిలబడి, "ఆడకూతురు అక్కడేటి సెప్తాదిరా? మరి కుర్రోడు ఓడెక్కేత్తన్నాడు గదా?" అని అయ్యను నిలదీశాడు.

అయ్య ఆయన వైపు చూడలేదు. నా వైపే చూశాడు.

"ఆగిపోనావేటే? కూతురని సెప్పు. గట్టిగా సెప్పు. నానింక గట్టిగా సెప్పనేను."

గట్టిగా చెప్పాను. ఏట్లో ధాన్యం పడవల మీద ఉన్నవాళ్ళు తలెత్తి ఒడ్డు వైపు చూశారు.